చలివేంద్రం ఎదుటి బల్ల

పెన్నహోబిలం నరసింహస్వామి మీద ఆన. ఈ కింద రాసినదంతా నిజం. ఒక్క మాట కూడా నేను అల్లింది కాదు. నన్నెరిగినవాళ్ళు ఇక్కడిదాకా చదివి నవ్వుకుని కాగితం మడిచి పక్కన పెడతారని తెలుసు. అయినా ఆన ఆనే. ఇంతకు ముందు నేను పెట్టిన ఆనలన్నీ నోటితో పెట్టినవి. ఇది రాసి పెడుతున్నది. అనుమానం ఉన్నవాళ్ళు మా ఆవిడను అడగవచ్చు. ఆమె కూడా నమ్మదు గానీ, కాదని మాత్రం చెప్పలేదు.

ఆయన పోయిన సంగతి నాకు లారీ డ్రైవరు ఖాసిం చెప్పాడు. ఉరవకొండ నుంచి శెనక్కాయల లోడు తెచ్చి, తాడు విప్పుతూ, రెండు ముడుల నడుమ చెప్పాడు.

"అన్నా, మీ చలివేంద్రం ఆయప్ప పోయినాడంట గదా."

ఎప్పుడని అడిగాను.

"తెల్లేదన్నా. పోయిన నెలో, దాని ముందర నెలో. ఆ ఊర్లో వాళ్ళకే సరిగ్గా తెల్లేదు."

రెండో ముడి విప్పి ఖాసిం లారీకి అవతలి పక్కకు వెళ్ళిపోయాడు. నేను ఆ లోడంతా తూకం వేసి, పుస్తకం మూసి, అప్పుడు ఆయన గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

మా షావుకారుకు అనంతపురం శివారులో, బళ్ళారి రోడ్డు మీద శెనక్కాయల మిల్లు ఉంది. నేను అందులో కాటా గుమాస్తాను. రాయదుర్గంలో, తాడిపత్రిలో, గుంతకల్లులో షావుకారుకు ఇంకా చిన్న మిల్లులున్నాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క మేనేజరు కావాలి. మా జిల్లాలో మిల్లు మేనేజరంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే పని కాదు. వాన పడని ఏడు కాయ రాదు. కాయ రాని ఏడు రైతు గేటు ముందు కూర్చుంటాడు, పప్పు ఏరే ఆడవాళ్ళు పని లేదా అని నిలదీస్తారు, లారీవాళ్ళు కేకలేస్తారు. వాళ్ళందరి ముందూ నిలబడి, వాళ్ళను పోనివ్వకుండా, మిల్లును ముంచకుండా నడపగలిగే మనిషి కావాలి. అలాంటివాణ్ణి కనిపెట్టడం షావుకారుకు చేతకాదు. ఆయనకు కాయను చేతిలోకి తీసుకుంటే నూనె ఎంత వస్తుందో తెలుస్తుంది గానీ మనుషుల సంగతి తెలియదు. అందుకని మనుషులను చూసిపెట్టడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఆ ఉద్యోగానికి మిల్లు రిజిస్టరులో పేరు కూడా లేదు.

అంతకు ముందు ఆయన ఏం చేసేవాడో మిల్లులో మూడు కథలున్నాయి. రెండు నేను పుట్టించినవి. మూడోది ఎవరు పుట్టించారో గానీ నాకు నచ్చలేదు. కాబట్టి మూడూ వదిలేస్తున్నాను.

పొట్టి మనిషి. చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగు. దాన్ని ఎండకు తెరిచేవాడు కాదు. వానకు తెరిచే అవసరం మా జిల్లాలో ఎట్లాగూ రాదు. కూర్చున్నప్పుడు మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకునేవాడు. మాట్లాడేది తక్కువ. అడిగినదానికి జవాబు చెప్పేముందు గొడుగు కొనతో నేల మీద చిన్న గీత గీసేవాడు. గీత గీశాడంటే చెప్పబోయేది వినేవాడికి నచ్చదని మాకు తెలుసు.

హోటల్లో తినేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఎందుకని నేనే ఒకసారి అడిగాను. మనుషులు ఎదురుగా ఉంటే చూస్తానని, చూస్తే ఏదో ఒకటి తెలుస్తుందని, తెలిశాక తిన్నది ఒంటబట్టదని చెప్పాడు. చెప్పి మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

ఆయన గోడ వైపు తిరిగినా ఊరు ఊరుకునేది కాదు. ఆయన గుమ్మంలోకి వస్తే హోటల్లో జనం పంచెలు సర్దుకుని నిటారుగా కూర్చునేవాళ్ళు. ముక్కు చీదబోయినవాడు ఆపుకునేవాడు. బొరుగుల ఉగ్గాని వడ్డించేవాడు ఆయనకు ఒక మిరపకాయ బజ్జీ ఎక్కువ వేసి, అది లంచమనుకుంటాడేమోనని భయపడి తీసేసి, తీసేస్తే పిసినారి అనుకుంటాడేమోనని మళ్ళీ వేసేవాడు. ఆ బజ్జీ అట్లా నాలుగుసార్లు విస్తట్లోకి, పళ్ళెంలోకి తిరగడం నేను కళ్ళారా చూశాను. ఆయనను పెళ్ళికి పిలవని ఇల్లు లేదు. పిలిస్తే పోయేవాడు. బంతిలో ఆయనకు అటు రెండు విస్తళ్ళు, ఇటు రెండు విస్తళ్ళు ఖాళీగా ఉండేవి.

ఆయనకు పెళ్ళి కాలేదు. వయసులో ఉండగా ఒక ఊరికి పెళ్ళిచూపులకు పోయాడు. పిల్ల వచ్చి కూర్చుంది. ఈయన చూశాడు. పిల్ల తండ్రిని అవతలికి పిలిచి, "మామా, పిల్ల మేలైంది. పిల్లోడే సరిగ్గా లేడు. ఇయ్యద్దండి," అని చెప్పి, తెచ్చిన పండ్లు అక్కడే పెట్టి, వచ్చిన బండిలోనే తిరిగి వచ్చేశాడు. ఆ పిల్ల తండ్రి చాలా ఏళ్ళు ఈయన్ని తలచుకుని, అంత నిజాయితీగల అల్లుడు తప్పిపోయాడని బాధపడ్డాడట.

ఇంతకీ ఆయన మేనేజర్లను ఎట్లా ఎంచేవాడో చెప్పాలి.

ప్రతి ఎండాకాలం మా మిల్లు ముందర షావుకారు చలివేంద్రం పెట్టేవాడు. తాటాకు పందిరి, తడి ఇసుకలో సగం పూడ్చిన నాలుగు పెద్ద కుండలు, ఒక ఇత్తడి చెంబు. బండ్లవాళ్ళు, బాటసారులు వంగి దోసిలి పడితే పైనుంచి పొయ్యాలి. మేనేజరు పనికి వచ్చినవాడిని ఆయన ఏమీ అడిగేవాడు కాదు. చదువు అడగడు, అనుభవం అడగడు. "షావుకారు కట్టుబాటప్పా. కొత్తగా వచ్చినోళ్ళు ఒక దినం నీళ్ళు పొయ్యల్ల," అని పందిట్లో కూర్చోబెట్టి, తాను రోడ్డుకు అవతల సైకిలు షాపు ముందున్న బల్ల మీద గొడుగు మోకాళ్ళ మీద పెట్టుకుని పొద్దు గుంకేదాకా కూర్చునేవాడు.

ఆయన ఏం చూస్తున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. సాయంత్రానికి షావుకారు దగ్గరికి పోయి ఒకటి రెండు మాటలు చెప్పేవాడు. ఆ మాటలు తప్పిపోవడం నేను చూడలేదు. ఒకసారి కోటు వేసుకుని, పెద్ద సిఫారసుతో ఒకాయన వచ్చాడు. ఒక్క చుక్క కింద పడకుండా, అందరికీ ఒకే కొలతగా పోశాడు. ఈయన పనికిరాడన్నాడు. మరోసారి రాయదుర్గం నుంచి మాజీ లారీ క్లీనరు ఒకడు వచ్చాడు. నోరు మంచిది కాదు. నీళ్ళకు వచ్చినవాణ్ణల్లా "కుండ నీ నాయన పెట్టినాడా, బిన్నా తాగి జరుగు," అని తిడుతూ పోశాడు. మధ్యాహ్నం అందరి ముందూ తాను ఒక చెంబు ఎత్తి గడగడా తాగి, మళ్ళీ పోయడానికి కూర్చున్నాడు. వాణ్ణి రాయదుర్గం మిల్లుకు మేనేజరుగా వేయమన్నాడు. షావుకారు గుండెలు బాదుకున్నాడు. తర్వాత వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసినప్పుడు, మిగతా మిల్లుల ముందు గొడవలు జరిగినాయి గానీ రాయదుర్గంలో మాత్రం పప్పు ఏరే ఆడవాళ్ళు వాడి తిట్లు తింటూనే వాడి వెంట నిలబడ్డారు.

ఆయనంటే భయం లేనివాణ్ణి మా ఊళ్ళో నేనొక్కణ్ణే. నేను గొప్పవాణ్ణని కాదు. నేను కోతలు కోస్తానని ఊరంతటికీ తెలుసు కాబట్టి నాలో కనిపెట్టడానికి ఆయనకు మిగిలిందేమీ లేదు. అందుకేనేమో రోజూ సాయంత్రం కాటా మూసే వేళకు వచ్చి, ఖాళీ గోనెల మీద కూర్చునేవాడు. నేనొక కథ చెప్పాలి. మా మామ ఊళ్ళో బావి ఎంత లోతంటే, ఒక పిల్ల చేద వదిలి, అది నీళ్ళకు తగిలిన చప్పుడు వినేలోపల పెళ్ళయి అత్తగారింటికి పోయిందని ఒకరోజు చెప్పాను. ఆయన నవ్వడు. కథకు ఒక ప్రశ్న అడుగుతాడు, అంతే.

"మల్ల ఆ చేద ఎవురు తోడినారు?"

"ఆ పిల్ల చెల్లెలన్నా."

గొడుగు చంకలో పెట్టుకుని, "అట్లయితే సరే," అని లేచి పోయాడు. ఆయన సరేనన్నాడంటే ఆ కథ నిలిచిందని నాకు గొప్ప సంతోషంగా ఉండేది.

నయా పైసలు వచ్చిన ఏడు, అలాంటి ఒక సాయంత్రం, చలివేంద్రంలో ఏం చూస్తావన్నా అని అడిగాను. ఎవరికీ చెప్పనిది నాకు చెప్పాడు. పోసేవాడి కన్ను యాడుందో చూస్తానన్నాడు. కొందరి కన్ను కుండ మీద ఉంటుంది, ఎంత మిగిలిందోనని. వాళ్ళు గోడౌనుకు పనికొస్తారు. కొందరి కన్ను వచ్చినవాడి తలగుడ్డ మీద, చెప్పుల మీద ఉంటుంది. వాళ్ళను ఆఫీసర్ల దగ్గరికి పంపవచ్చు. అందరికీ సమంగా పోసేవాడు డబ్బు పెట్టె దగ్గర కూర్చోవచ్చు. నూటికొకడి కన్ను తాగేవాడి గొంతు మీద ఉంటుంది. గొంతు ముడి ఆడినంతసేపు పోసి, అది ఆగీ ఆగగానే ఆపుతాడు. ఆ తాగేవాడు చెయ్యెత్తి చాలని చెప్పనక్కరలేదు. "వాడు తిట్టనీ, కొట్టనీ, వానికి మంది కావల్ల," అన్నాడు. చాటుకు పోయి తాను నీళ్ళు తాగివచ్చేవాణ్ణి కూడా వద్దంటాడట. తన దప్పికకు సిగ్గుపడేవాడు ఎదుటివాడి దప్పికను ఒప్పుకోడని ఆయన లెక్క.

ఇంత మంచి సరుకు చేతికి వస్తే నాలాంటివాడు దాచుకుంటాడా? మరుసటి పొద్దున్నే హోటల్లో పెట్టాను. ఉన్నదున్నట్టు చెబితే నా పేరేమి కావాలి? గొంతు ముడి ఎన్నిసార్లు ఆడితే ఎంత జీతమో కూడా కలిపాను.

మరుసటి ఎండాకాలానికి మా చలివేంద్రం చూడవలసిందే. వచ్చినవాడల్లా గుడ్లు మిటకరించి తాగేవాడి గొంతులోకి చూడటం మొదలుపెట్టాడు. ఒక ముసలి బండివాడు భయపడి దోసిలి తీసేసి, "నా మెడలో ఏముండాది నాయనా, అట్ల చూస్తాండావు?" అని అడిగాడు. కొందరు ఇంటి దగ్గర పెండ్లాలకు నీళ్ళు పోసి సాధన చేసి వచ్చారు. దప్పిక లేనివాళ్ళు తమాషాకు వచ్చి, గొంతు ఆడించి ఆపి, ఆపి ఆడించి పోసేవాణ్ణి ఏడిపించేవాళ్ళు. ఆయన మాత్రం బల్ల మీద అట్లాగే కూర్చునేవాడు. ఆ మర్మం తాను చెప్పింది నాకొక్కడికేనని ఆయనకు తెలుసు. అయినా ఎప్పటిలాగే సాయంత్రం వచ్చి గోనెల మీద కూర్చుని కథ కోసం చూశాడు. చెప్పాను.

ఆ ఎండాకాలంలోనే గుంతకల్లు మేనేజరు పని ఖాళీ అయింది.

పద్నాలుగేళ్ళుగా కాటా ముందు నిలబడినవాణ్ణి. తూకం చెప్పి చెప్పి గొంతు అరిగింది. అయినా అది కాదు నా ఆశ. గుంతకల్లులో మేనేజరుకిచ్చే ఇంటి పెరట్లో తియ్యనీళ్ళ బావి ఉంది. మండుటెండల్లోనూ ఊట తగ్గదు. మా ఆవిడ ఇక్కడ తెల్లవారకముందే లేచి, మైలు దూరం పోయి, బిందె మీద బిందె పెట్టుకుని వచ్చేది. గుంతకల్లు మాట చెవిన పడగానే ఆమె ఆ బావి గురించి నాలుగిళ్ళలో చెప్పేసింది. చేంతాడు కూడా కొనేసింది. షావుకారుకు నేను ఇష్టమే. కాకపోతే బల్ల మీది ఆయన మాట వినందే పని ఇవ్వడు.

నేను పందిట్లో కూర్చున్నాను. నాకు తెలియని మర్మమేముంది? పొద్దున్నించి పొద్దు గుంకేదాకా వచ్చిన ప్రతి మనిషి గొంతూ చూశాను. ముడి ఆగగానే ఆపాను. మధ్యాహ్నం అందరి ముందూ నిలబడి నీళ్ళు తాగాను. ఒక్క తప్పు లేదు. సాయంత్రం చెంబు బోర్లించి, రోడ్డు దాటి పోయి, ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను.

ఆయన గొడుగు కొనతో నేల మీద గీత గీశాడు.

"బాగా పోసినావప్పా. ఇంత బాగా పోసినోణ్ణి నేను చూల్లేదు."

"అయితే షావుకారుకి చెప్తాండావు గదా."

"చెప్తా. వద్దని చెప్తా."

వేళాకోళమనుకున్నాను. ఆయనకు వేళాకోళం రాదని మరుక్షణం గుర్తొచ్చింది.

"ఏంటికన్నా?"

"గొంతు చూసినావు. ఆపినావు. ఆపి, నా పక్క చూసినావు. ప్రతి మనిషికీ అంతే. పొద్దుగూకిందాకా నువ్వు నీళ్ళు పోసింది నాకి. వాళ్ళకి కాదు. గుంతకల్లులో నేనుండను గదప్పా. ఆడ ఎవురికి పోస్తావు?"

ఎప్పుడూ ఏదో ఒకటి అల్లే నోరు నాది. ఆ పూట ఉన్నమాటే అన్నాను.

"మా ఇంటిది నీళ్ళకి యాడికి పోతాందో నీకి తెలుసు గదా."

"తెలుసు."

"ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోతుందన్నా?"

"నీ అబద్ధాలు వింటా," అన్నాడు. "నాకి చెప్పేకి రాదు."

పని ఇంకెవరికో పోయింది. మా ఆవిడ చేంతాడును అటక మీద పెట్టి, మర్నాడు తెల్లవారకముందే ఎప్పటిలాగే బిందెలు తీసుకుని వెళ్ళింది. నేను ఆయనతో మాట మానేశాను. సాయంత్రం ఆయన వచ్చే వేళకు ముందే కాటా మూసి వెళ్ళిపోయేవాణ్ణి. కొన్నాళ్ళు ఆయన వచ్చి, మూసిన గది ముందు కాసేపు నిలబడి పోతున్నాడని కాపలావాడు చెప్పాడు. తర్వాత రావడం మానేశాడు.

కిలోల తూకాలు వచ్చాక షావుకారు కొడుకు చేతికి మిల్లు వచ్చింది. అతను బెంగుళూరు నుంచి ఒక చదువుకున్న మనిషిని పిలిపించాడు. ఆ మనిషి ఒక అచ్చు కాగితాల కట్ట తెచ్చాడు. నూరు ప్రశ్నలు. కొత్తవాళ్ళ మధ్య మీకు ఉత్సాహంగా ఉంటుందా? కోపం వస్తే దాచుకుంటారా? పదిమందిలో ఉండటం ఇష్టమా, ఒక్కరే ఉండటం ఇష్టమా? అవునో కాదో గుర్తు పెడితే చాలు, మనిషి ఎలాంటివాడో లెక్క కట్టి చెబుతారట. మేనేజర్లందరినీ కూర్చోబెట్టి రాయించారు. అందరూ కొత్తవాళ్ళంటే ప్రాణమని, కోపమన్నదే ఎరుగమని, పదిమంది లేకపోతే ముద్ద దిగదని గుర్తులు పెట్టారు. రాయదుర్గం క్లీనరు ఒక్కడే కోపం దాచుకుంటావా అన్నచోట ఆ బెంగుళూరాయన్నే తిట్టి లేచి వచ్చాడు.

ఈ కాగితం కూడా చలివేంద్రమేనని, అందరికీ జవాబు ముందే తెలుసని గొడుగు కొనతో గీత గీసి ఆయన అన్నాడట. చిన్న షావుకారుకు అది నచ్చలేదు. మీరూ రాయండి చూద్దామన్నాడు. ఆయన పక్క గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని నూరు ప్రశ్నలకూ ఉన్నదున్నట్టు గుర్తులు పెట్టి ఇచ్చాడు. మిల్లు మొత్తం మీద నిజం రాసినది ఆయనొక్కడే. ఈ మనిషి మనుషుల మధ్య చేసే ఏ పనికీ తగడు, ఒంటరిగా చేసే పని ఇవ్వవలెను అని లెక్క తేలింది. ఆయనకు గోడౌను తాళాలిచ్చారు. ఎండాకాలంలో చలివేంద్రం పెడుతూనే ఉన్నారు గానీ అవతల బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. ఏడాది తిరక్కుండా తాళాలు ఇచ్చేసి ఉరవకొండ అవతల తన ఊరికి వెళ్ళిపోయాడు.

పోయిన ఎండాకాలంలో నేను ఆయన్ని చూడటానికి వెళ్ళాను. ఉరవకొండలో బస్సు దిగి నాలుగు మైళ్ళు నడవాలి. దారంతా ఎర్రమట్టి, ఎండిన శెనక్కాయ చేలు, రాతి గుండ్లు. ఊరి చివర ఒక్క గది ఇల్లు. ఆయన గోడ వైపు తిరిగి సంగటి తింటున్నాడు. "అన్నా," అన్నాను. తిరిగి చూసి, ఇంకో పళ్ళెం తీసి, తన ముద్దలో సగం పెట్టాడు. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. తిన్నాక ఒక కథ చెప్పాను. దానికొక ప్రశ్న అడిగాడు. చెప్పాను. సరేనన్నాడు. నేను లేవబోతుంటే అప్పుడు చెప్పాడు.

"గుంతకల్లుకి వద్దని ఏంటికి చెప్పినానో శానా దినాలు ఆలోచించినానప్పా. నువ్వు పోతే సాయంకాలం నాకి కతలు చెప్పేకి ఎవురూ ఉండరు. దానికే చెప్పినానేమో. మందిని చూసేది వచ్చు గానీ నన్ను నేను చూసుకునేది రాదు."

నా గుండె మీంచి పద్నాలుగు మణుగుల బరువు దిగినట్టయింది. అరుగు దాకా వచ్చి నన్ను సాగనంపాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ నరసింహస్వామి మీద ఆన పెట్టి ఉన్నాను. నాలుగుసార్లు తిరిగిన బజ్జీ నిజం. పెళ్ళిచూపుల సంగతి ఆయనే నాతో చెప్పాడు. ఆడవాళ్ళు తిట్లు తింటూ ఆ క్లీనరు వెంట నిలబడటం నిజం. మీరు నమ్మనివన్నీ నిజాలే. కల్పించింది ఒక్కటి, మీరు ఏ అనుమానమూ లేకుండా నమ్మినది. నేను ఆ ఊరు పోలేదు. దారి ఎట్లా ఉంటుందో ఖాసింను అడిగి రాశాను. ఆయన నాకు సంగటి పెట్టలేదు. నేను లేకపోతే తోచదని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఆయన నోట అనిపించడానికే ఇదంతా మొదలుపెట్టాను.

నేను ఆయన్ని చివరిసారి చూసింది ఆయన ఊరికి వెళ్ళిపోయిన రోజు. ఉరవకొండ బస్సు ఇంజను కాగి మా మిల్లు గేటు ముందు ఆగింది. డ్రైవరు నీళ్ళ కోసం దిగాడు. ఆయన ఇటు పక్క కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కాటాకు, ఆ కిటికీకి నడుమ పది అడుగులు లేదు.

"ఏమప్పా," అని పిలిచాడు. ఒక్కసారే.

నేను తల ఎత్తలేదు. తూకం బిళ్ళలు సర్దుతూ, కాటా దండె సరిచూస్తూ, మళ్ళీ బిళ్ళలు మారుస్తూ ఉన్నాను. బస్సు కదిలి, దాని దుమ్ము కూడా అణిగిపోయింది. అప్పుడు హమాలీ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సంచి దించి ఎంతసేపాయెనన్నా. ఉత్త కాటా మీద ఏం తూకమేస్తాండావు?"